ఇంకోటి చూపించండి

మా బావగారికి ఈ లోకంలో మొదట చూపించింది ఏదీ నచ్చదు. చెప్పులైనా, టమాటాలైనా, డాక్టరైనా సరే, ఎగాదిగా చూసి పెదవి విరిచి, "ఇంకోటి చూపించండి" అంటాడు. అక్కని మాత్రం మొదటి చూపులోనే ఒప్పుకున్నాడట. "అప్పటికింకా తెలివి రాలేదు" అంటాడు. అక్క గరిటె చూపిస్తే అది కూడా చిన్నదంటాడు.

ఆయన్ని తప్పు పట్టలేం. బట్టల కొట్లో నలభై ఏళ్లు తాన్లు విప్పాడు, చుట్టాడు. రోజుకి వందమంది నోట విన్న మాట ఒక్కటే, "ఇంకోటి చూపించు". రిటైరైన మర్నాటి నుంచి ఆ నలభై ఏళ్ల బాకీ లోకం మీద తీర్చుకోవడం మొదలుపెట్టాడు. ఒకసారి బస్సెక్కి కండక్టర్ని ఇంకో సీటు చూపించమన్నాడు. కండక్టర్ ఇంకో బస్సు చూపించాడు.

ఇలాంటి మనిషికి మహమ్మారి టీకాల రోజులొచ్చాయి.

మొదటి వారం జనం ఇంకా భయపడుతూ ఉండటంతో నాకూ అక్కకీ ఇట్టే అయిపోయింది. బావగారు మాత్రం ఆసుపత్రి కుర్చీలో కూర్చుని, "ఇది కాక ఇంకేం ఉన్నాయి?" అన్నాడు. నర్సు ఇదొక్కటేనంది. "రెండో రకం వచ్చాక చూసి తీసుకుంటా" అని లేచొచ్చేశాడు.

రెండో రకం వచ్చింది. దాంతోపాటే జనమూ వచ్చారు. ఒకదానికి ఎర్రమూత, ఒకదానికి పచ్చమూత. ఏ రోజు ఏది వస్తుందో ఆ పైవాడికే తెలియాలి. యాభై టోకెన్లిస్తారు కానీ నలభై అయిదో ఆరో మనిషి దగ్గరికొచ్చేసరికి సీసా ఖాళీ. ఎందుకంటే ఉత్తరం ముక్క తెచ్చినవాళ్లూ, ఫోన్లు చేయించుకున్నవాళ్లూ పక్క గుమ్మంలోంచి లోపలి గదిలోకి వెళ్లి, భుజం రుద్దుకుంటూ బయటికొస్తారు. ఎండలో నిలబడ్డవాళ్లకి ఒళ్లు మండదా మరి?

బావగారి పాత యజమాని కూడా ఫోన్ చేశాడు. "పక్క గుమ్మంలోంచి రావయ్యా, నేను చెప్పి ఉంచా."

"ఆ గుమ్మం నాకు నచ్చలేదండీ. ఇంకోటి చూపించండి."

పోనీ, వరసలో నిలబడి అయినా వేయించుకున్నాడా? సోమవారం ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు. ఎర్రమూతట, నచ్చలేదట. మంగళవారం పచ్చమూతట, అదీ నచ్చలేదట. అక్కకి ఏడుపొక్కటే తక్కువ. ఆయనకి ముందే ఆయాసం. నాలుగు మెట్లెక్కితే రైలింజనే. ఆ జబ్బు అంటుకుంటే తట్టుకోలేడని డాక్టర్ తేల్చి చెప్పాడు.

"నువ్వు వెళ్లవే రేపు. ముప్ఫై అయిదేళ్లు పిల్లలకి చెవులు మెలిపెట్టావు, ఈయన చెవి ఒక్కటీ మెలిపెట్టలేవా?" అంది అక్క.

బుధవారం వెంట వెళ్లాను. టోకెనిచ్చే చోటే మొదలెట్టాడు.

"దీని మూల నలిగింది, ఇంకోటి చూపించండి."

ఆ బేరంలో నలుగురు ముందుకెళ్లిపోయారు, మాకు నలభై ఆరు వచ్చింది. వెనక నలభై ఏడో టోకెన్, హోటల్లో గిన్నెలు కడిగే ఆవిడది. టీకా చీటీ లేకపోతే రేపట్నుంచి పనిలోకి రావద్దన్నాడట యజమాని. ఆ సంగతి ఆవిడ ఎవరికో చెప్పుకుంటోంది. బావగారు గోడ మీది బొమ్మలు చూస్తున్నాడు.

మా వంతు వచ్చేసరికి నర్సు తల బయటపెట్టింది. "ఇంకొక్కటే ఉంది. మిగతావాళ్లు రేపు రండి."

వరసంతా గొల్లుమంది. "టోకెన్ చేతికిచ్చి రేపంటారా? ఇందాక పక్క గుమ్మంలోంచి లోపలికెళ్లిన ఆ నలుగురి టోకెన్లేవీ?"

బావగారు తాపీగా అడిగాడు, "ఏ మూతమ్మా?"

"ఎర్రమూత."

"నాకొద్దు. పచ్చది చూపించండి."

"నిన్న పచ్చదే కదా వద్దన్..." అంటూండగానే నా కాలు కసుక్కున తొక్కాడు. ఈలోపు గిన్నెలావిడ "పిచ్చి ముసలాయన" అని గొణుక్కుంటూ, ఈయన మనసు ఎక్కడ మారుతుందోనని ఒక్క గెంతులో కుర్చీలో కూర్చుంది.

నర్సు నావైపు చూసి నవ్వింది. "మూడు రోజులూ ఇదేనండీ. ఆఖరిది మిగిలితే చాలు, ఈయనకి రంగు నచ్చదు."

బయటికొచ్చాక నిలదీశాను. "ఇదేం పని బావగారూ? ఇవ్వాలనుకుంటే తిన్నగా ఇవ్వచ్చుగా!"

"పంతులమ్మా, తిన్నగా ఇస్తే ఆవిడ తీసుకుంటుందా? మీరు పెద్దవారు, ముందు మీరంటుంది. తీసుకున్నా కనబడినప్పుడల్లా మొహమాటపడి చస్తుంది. నలభై ఏళ్లు కౌంటర్ వెనక నిలబడ్డా. తీసుకోండి, బాగుంటుంది అని బతిమాలితే ఒక్కరూ ముట్టుకోరు. ఒకరు వద్దని పక్కన పడేశారా, పక్కావిడ గబుక్కున లాక్కుంటుంది. ఇప్పుడు చూడు, నన్ను తిట్టుకుంటూ హాయిగా ఇంటికెళ్తుంది."

"మరి మీ ఆయాసం?"

"దానికి రేపుందిగా. ఎవరికీ చెప్పకు."

నాకా చెప్పడం? నా నోట్లో నువ్వుగింజ నానదు. అయినా అక్కకొక్కదానికే చెప్పాను. గురువారం పొద్దున వరసలో ఉబుసుపోక ఇంకో పదిమందికి చెప్పానేమో, అంతే.

ఆ రోజూ అదే తంతు. నలభై అయిదో టోకెన్ మాది. పచ్చమూత. సీసాలో ఆఖరిది.

"పచ్చ నాకు పడదు, ఇంకోటి చూపించండి" అని బావగారు పక్కకి జరిగాడు.

వెనక లారీ డ్రైవర్. పొద్దుట్నుంచి లోపలి గదిని అమ్మనాబూతులు తిడుతున్నవాడు. చేతులు కట్టుకుని, "నాకూ పడదు. ఇంకోటి చూపించండి" అన్నాడు.

"అదేంటయ్యా! పచ్చ మంచి రంగు!" అన్నాడు బావగారు, కంగారులో కౌంటర్ వెనక గొంతొచ్చేసి.

"మీరే వద్దన్నారుగా బాబాయ్."

ఆ వెనక టైలర్, "నాకు అంచు నచ్చలేదు" అన్నాడు. టైలర్ వెనక ఆవిడ, "నాకు ఆ సీసానే నచ్చలేదు" అంది. అలా యాభయ్యో టోకెన్ దాకా ఒక్కరికీ నచ్చలేదు.

నర్సు చేతి గడియారం చూసింది. "తెరిచిన సీసా తాతగారూ. ఇంకో పావుగంట దాటితే పారబోయడమే. మీ ఇష్టం."

గుడ్డ ముక్క కూడా పారేయని మనిషి! అటు చూశాడు, ఇటు చూశాడు, చివరికి నావైపు చూశాడు. నేను ఫ్యాన్ రెక్కలు లెక్కపెడుతున్నాను.

"పంతులమ్మా..."

"మూడే బావగారూ. మూడు రెక్కలు."

కూర్చున్నాడు. చొక్కా చేయి మడిచాడు. వరసంతా ఊపిరి బిగపట్టింది. నర్సు సూది పైకెత్తింది. బావగారు దాన్ని ఎగాదిగా చూసి పెదవి విరిచాడు.

"కొంచెం లావుగా ఉందమ్మా. ఇంకోటి చూపించండి."