లంకలో కదిలిన సర్వే రాయి

కరోనా సద్దుమణిగి, మాస్కులు గడ్డాల కిందికి దిగిన ఏడాది. నేనప్పుడు రాజోలు దగ్గర ఒక మండలానికి సర్వేయరుని. ఆ ఏడే ఎస్తేరు రాణి గారు మాకు ఆర్డీవోగా వచ్చారు. బడిపంతుళ్ళ ఇంట పుట్టి, అమలాపురం కోర్టులో పదేళ్ళు ప్రాక్టీసు చేసి, తర్వాత గ్రూప్ వన్ రాసి సర్కారు కొలువులోకి వచ్చిన మనిషి. ‘లాయరమ్మకి పొలం గట్లేం తెలుస్తాయి’ అని ఎకసెక్కాలాడినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. నా నోరు అలాంటిది.

మంగాయమ్మ గారి ఫైలు అప్పటికే రెండేళ్ళుగా నలుగుతోంది. గోదారి నడుమ లంకలో ఆవిడకున్నది ఒక్క ఎకరం. దొండపాదులు వేసుకుని బతికేవారు. వరస వరదల్లో అదంతా కోతకి పోయింది. కొన్నాళ్ళకి అక్కడ మేట వేసి మళ్ళీ నేల తేలింది. పక్క రైతు వెంకటరత్నం గారు, అది తన గట్టుకి ఆనుకుని లేచిందంటూ అరటి నాటేశారు. పాత చోటే లేచిన నేలైతే పాతవాళ్ళకే చెందాలి. తేలాల్సింది ఒక్కటే: అది పాత చోటా, కాదా?

తేల్చినవాణ్ణి నేనే. ఎఫ్ఎంబీ, అంటే సర్వే రాళ్ళ మధ్య దూరాలు వేసి గీసిన పటం, పట్టుకెళ్ళి, ఏటి ఒడ్డున మిగిలిన ఒకే ఒక్క రాయి నుంచి కొలత గొలుసు లాగించాను. ‘సదరు భూమి ఇంకా నీళ్ళలోనే ఉంది’ అని రిపోర్టు రాసిపడేశాను. మంగాయమ్మ గారు ఊరుకోలేదు.

“నా నేల నాకు తెలీదాండీ? నీళ్ళలో ఉన్నది మీ గొలుసండి!”

నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆవిడ అప్పీలు ఆర్డీవో మేడమ్ గారి దగ్గరికెళ్ళింది. రిపోర్టు చదివి సంతకం పెట్టేస్తారులే అనుకున్నాను. పడవ మాట్లాడమన్నారు! లంకలో దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, బురదలో నడిచి ఆ రాయి దగ్గరే నిలబడ్డారు. ఇరుపక్షాలూ వచ్చి ఉన్నాయి.

“కోర్టులో నాకో అలవాటుండేదండీ,” అన్నారు. “కేసుకి వెళ్ళేముందు ఎదుటివాళ్ళ వాదన నేనే వాదించి చూసుకునేదాన్ని. ఇవాళ మీరిద్దరూ అదే చెయ్యాలి. రత్నం గారూ, మంగాయమ్మ గారి ప్లీడరు మీరే. ఆవిడ నెగ్గేలా చెప్పండి.”

రత్నం గారు పకపకా నవ్వారు. “ఆయ్, అలాగేనండి” అని వేళాకోళంగానే మొదలెట్టారు. నాలుగు మాటలయ్యేసరికి ఆయనకే హుషారొచ్చింది.

“అసలీ సర్వేయరు గారు కొలిచిన రాయి దాని చోట లేదండి! ఏరు కోసుకొచ్చేస్తుంటే మా నాన్నగారే పెకలించి, దిగువన గట్టి నేల చూసి పాతేరండి. రాయి ఏట్లో పడిపోతే ఊరికి కొలతే ఉండదని...”

అక్కడ ఆగిపోయారు. ఏమన్నారో అప్పుడు తెలిసింది ఆయనకి.

“మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేమండీ?” అన్నారు మేడమ్ గారు, మెల్లగా.

“ఎవరూ అడగలేదండి. ఈయనగారు గొలుసేసుకుని వెళ్ళిపోయేరండి.”

రాయి దిగువకి జరిగితే దాని నుంచి కొలిచిన భూమీ దిగువకి జరిగి ఏట్లో పడుతుంది. ఆ మాత్రం తట్టలేదు నాకు!

ఏటిగట్టు అవతల ట్రైజంక్షన్, అంటే మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసే చోటి రాయి, చెక్కుచెదరకుండా ఉంది. అక్కణ్ణుంచి మళ్ళీ కొలిచాను. అరటి ఉన్న నేలలో ముప్పాతిక వంతు మంగాయమ్మ గారిదే. రత్నం గారు తలొంచుకుని గెలలు కోసేదాకా గడువడిగితే, “మీరు వేసినవే కదాండీ అన్నయ్యగారూ, కోసుకోండి” అన్నారు మంగాయమ్మ గారు. అని, ఆ బురదలోనే కూలబడి ఏడ్చేశారు.

ఆర్డరులో నా తప్పు పేరుతో సహా ఎక్కింది. ఉక్రోషం పట్టలేక చాంబరుకి వెళ్ళాను.

“భూమి ఇచ్చేశారు కదండీ, మళ్ళీ నా పేరెందుకండీ?”

“మూర్తి గారూ, సొంత నేల కళ్ళెదురుగా పెట్టుకుని ఆవిడ రెండేళ్ళు కూలికెళ్ళేరండి. ఎందుకెళ్ళాల్సొచ్చిందో చెప్పే కాగితం ఒకటి ఆవిడ చేతిలో ఉండొద్దాండీ? కింది పేరా కూడా చదవండి.”

చదివాను. అప్పీలు తన బల్ల మీద నెలన్నర ఊరికే పడి ఉందనీ, అది తన తప్పనీ రాసుకున్నారు. నా సర్వీసులో అలా రాసుకున్న ఆఫీసరుని ఇంకొకర్ని చూడలేదు.

తర్వాత మేడమ్ గారు ఉద్యోగం వదిలేసి, లంక భూముల మీద పరిశోధనకి దిగారు. ఇప్పుడు ఐ.పోలవరం వైపు తిరుగుతున్నారు. ఊరూరా ముసలివాళ్ళ పక్కన కూర్చుని, ఏ రాయి ఎప్పుడు జరిగిందో రాసుకుంటున్నారు. ఆదివారాలు పిలిస్తే నేనూ వెళ్తాను. చిన్నపిల్లలా ఆశ్చర్యపోతూ వింటారు. ఎంత చదువుకున్న మనిషి!

గొలుసు వేసేముందు ఊరివాళ్ళని అడగాలని ఆ కేసుతో నేర్చుకున్నాను. అది సులువే. తప్పు చేస్తే దాని కింద సంతకం పెట్టడం మాత్రం ఇన్నేళ్ళూ చేతకాలేదు. మంగాయమ్మ గారూ, ఆ రిపోర్టు తప్పు. రాసింది నేను.