మేడమ్ భుజం మీద పిల్ల

మా పాపకు ఒళ్ళు కాస్త వెచ్చబడినా, మార్కాపురం డిగ్రీ కాలేజీలో మాకు ఎకనామిక్స్ చెప్పిన మేడమ్ గుర్తొస్తారు. ఖాళీగా ఉన్న రెండు పోస్టుల పాఠాలూ ఆవిడ నెత్తినే పెట్టారు. సిలబస్ పూర్తికాకపోతే కాంట్రాక్టు పొడిగించరట. ఎవరు పిలిచినా “ఈ ఒక్క క్లాసు అయిపోనీ” అనేవారు.

ఒకరోజు ఆవిడ అత్తగారు జ్వరంతో ఉన్న పిల్లను క్లాసు గుమ్మం దాకా ఎత్తుకొచ్చారు.

“ఆస్పత్రికి పోదాం, రా.”

“ఈ ఒక్క క్లాసు అయిపోనీ అత్తా.”

“ఏందమ్మా నీ క్లాసులు! పిల్ల ఒళ్ళు కాలిపోతా ఉంది.”

మేడమ్ పిల్లను భుజాన వేసుకుని నోట్సు చెబుతూనే ఉన్నారు. పిల్ల అక్కడే వాంతి చేసుకుంది. బోర్డు తుడిచే గుడ్డతో భుజం తుడుచుకుంటూ ఆవిడ కాసేపు ఆగారు. మాలో ఒక్కరూ లేవలేదు. మర్నాడు పరీక్ష. నేను తలెత్తకుండానే అడిగాను: “మేడమ్, చివరి లైను మళ్ళీ చెప్పండి.”

చెప్పారు.