నల్లా వచ్చిందని చెప్పే పెద్దాయన

దయ్యాలంటే నాకు ఎప్పుడూ భయం లేదు. దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే మాత్రం ఒళ్ళు మంట. అర్ధరాత్రి, తెల్లచీర, మల్లెపూల వాసన, కుక్కల ఏడుపు. ఈ నాలుగూ లేకుండా ఒక్కడూ కథ చెప్పలేడు. నువ్వు చూశావా అని నిలదీస్తే "నేను కాదు, మా మేనమామ బామ్మర్ది చూసిండు" అంటాడు. ఆ బామ్మర్ది ఎప్పుడూ ఊళ్ళో ఉండడు.

అందుకే ముందే చెప్తున్నాను. ఇది నాకే జరిగింది. పట్టపగలు పదకొండు గంటలకు, నాచారంలో. నమ్మమని ఎవరినీ బతిమాలను.

నేను పనిచేసేది మా అక్క భర్త పెట్టిన కంపెనీలో. కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోవద్దు. నాచారంలో టైర్ల షాపు మీద రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు, ఒక వెబ్‌సైటు. దాని పేరు 'ఇంటికిల్లు'. మీరు వైజాగ్ వెళ్ళాలి, వైజాగ్ వాళ్ళెవరో హైదరాబాద్ రావాలి. వారం రోజులు వాళ్ళింట్లో మీరుండండి, మీ ఇంట్లో వాళ్ళుంటారు. అద్దె లేదు, హోటలు ఖర్చు లేదు.

చుట్టాలొస్తే బీరువాకు తాళం వేసే జాతి మనది. అలాంటివాళ్ళు ముక్కూ మొహం తెలియని వాళ్ళకు ఇల్లు అప్పగించి, రైలెక్కగానే నాకు ఫోన్ చేసేవారు. వాళ్ళు పూజగదిలోకి చెప్పులతో పోయారేమో కనుక్కో. మా మిక్సీలో చికెన్ మసాలా వేశారేమో అడుగు. ఈ ఫోన్లెత్తడమే ఆరేళ్ళుగా నా ఉద్యోగం. మనుషుల మీద నాకున్న గౌరవమంతా ఆ ఫోనులోనే పోయింది.

ఈమధ్య బావకు సైటును కొత్తగా మళ్ళీ మొదలుపెట్టాలనే పిచ్చి పట్టింది. పాతది బాగానే నడుస్తోంది కదా అంటే, "నడిస్తే సరిపోతదా, మెరవాలె" అన్నాడు. ఒక డెవలపర్‌ను పెట్టాడు. నీలం రంగు తీసి వంకాయ రంగు వేయించాడు. మంచి రోజు చూసి లాప్‌టాప్‌కు కుంకుమ బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. నీళ్ళు కీబోర్డులోకి పోయాయి. కొత్త కీబోర్డు తెచ్చి సైటు తెరిచాం.

మర్నాటి నుంచి ఫోన్లే ఫోన్లు. పాతదే బాగుందని ఒకరు, వంకాయ రంగు కళ్ళలో గుచ్చుకుంటోందని ఇంకొకరు. రిటైరైన ఒక ఆఫీసరు గారు గంటసేపు నన్ను వాయించి, చివరికి పాస్‌వర్డు మరిచిపోయానని బయటపెట్టారు. పాత సైటు ఉన్నప్పుడు వీళ్ళలో ఒక్కడూ దాన్ని మెచ్చుకున్న పాపాన పోలేదు.

అసలు మంట అది కాదు. పాత సైటులో 'ఇంటి గురించి మాకు చెప్పండి' అని ఒక డబ్బా ఉండేది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అతిథులు అందులో రాసేవారు. అది ఆఫీసుకు తప్ప ఎవరికీ కనిపించదు. ఆఫీసు అంటే నేనే. నేనేమో ఒక్కటీ చదవలేదు. కొత్త డెవలపర్ పాత సమాచారమంతా తెచ్చి పోస్తూ అవి రివ్యూలనుకున్నాడు. ఏ ఇంటి మాట ఆ ఇంటి పేజీ కింద, రాసినవాళ్ళ పేర్లతో సహా పెట్టేశాడు.

ఇక చూడాలి తమాషా. మొహాన "మీ ఇల్లు స్వర్గమండీ" అని పొగిడి పోయినవాళ్ళు డబ్బాలో ఏం రాశారో లోకమంతా చదివింది. అంబర్‌పేట్ ఆవిడ ఇంట్లో దిండ్లకు నూనె కంపని విజయవాడ వాళ్ళు రాశారు. విజయవాడ వాళ్ళ ఆవకాయకు బూజు పట్టిందని అంబర్‌పేట్ ఆవిడ రాసింది. ఆ ఆవకాయ జాడీ సగం ఖాళీ చేసింది తనేనని కూడా అప్పుడే తెలిసింది. సభ్యుల వాట్సాప్ గ్రూపు చేపల మార్కెట్టయింది. నాకు లోపల్లోపల మహా సంతోషంగా ఉండేది. బావ మాత్రం వణికిపోయి, సోమవారానికల్లా పాత మాటలన్నీ తుడిచేయమన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఒకామె మెట్లెక్కి వచ్చింది. అరవై ఐదేళ్ళుంటాయి. విజయమ్మ అని, రిటైరైన టీచరు. ఇల్లు మా ఆఫీసుకు రెండు గల్లీల అవతలే. ఏటా ఒకసారి సముద్రం ఒడ్డున వారం రోజులు ఉండి రావడానికి మా సైటులో ఇల్లు మార్చుకుంటుంది. తిట్టడానికే వచ్చిందనుకుని కుర్చీ కూడా వేయలేదు. ఆమె ఫోను తీసి తన ఇంటి పేజీ నా ముందు పెట్టింది.

"గివి నిజంగ మా ఇంట్ల ఉన్నోళ్ళే రాసిన్రా బిడ్డా?"

చదివాను. కాకినాడ వాళ్ళు: 'పక్కింటి పెద్దాయన చాలా మంచివారు. నీళ్ళు వచ్చినప్పుడల్లా గేటు కొట్టి మోటారు వేయమని చెప్పారు.' మరుసటి ఏడు వైజాగ్ వాళ్ళు: 'మీ వాచ్‌మెన్ తాతగారికి వంద రూపాయలు ఇవ్వబోతే తీసుకోలేదు.' ఆ తర్వాత ఒక మహానుభావుడు: 'ఎవరో ముసలాయన అడగకుండా లోపలికొచ్చి మోటారు వేసి పోయాడు. ప్రైవసీ లేదు. తక్కినవి ఓకే.' ఇలా ఆరుగురు. ఒకరి ఊరు ఒకరికి తెలియదు. ఒకరు రాసింది ఇంకొకరు చూసే వీలే లేదు.

"పక్కింటాయన కదమ్మా, ఏముంది ఇందులో?" అన్నాను.

"పక్కింట్ల ఎవ్వలు లేరు. ఒక దిక్కు బడి గోడ, ఒక దిక్కు గోదాం. మా గల్లీల ముసలోళ్ళే లేరు."

కుర్చీ తనే లాక్కుని, చీర కొంగు సరిచేసుకుంటూ కూర్చుంది. తర్వాత చెప్పింది. ఆమె భర్త ఇక్కడి ఫ్యాక్టరీలో ఫిట్టరు. మా వైపు నల్లా, అంటే కుళాయి నీళ్ళు, రోజు విడిచి రోజు వస్తుంది, అదీ ఒక వేళంటూ లేకుండా. మోటారు వేయకపోతే నీళ్ళు పైకెక్కవు. వచ్చిన సంగతి మొదట ఆయనకే తెలిసేదట. ఇనుప పానా పట్టుకుని గల్లీ పొడుగునా ప్రతి గేటునూ మూడు దెబ్బలు కొట్టి లేపేవాడట. ఆయన పోయి ఏడేళ్ళు.

"దవాఖానాకు తోల్కపోయిన పొద్దు గూడ నీళ్ళ ఫికరే. ఇంటి నీళ్ళ సంగతి నేను సూసుకుంట, నువ్వు పరేషాన్ గాకని మాటిచ్చిన. గందుకే నేనుంటే రాడు."

ఈ రివ్యూలు చదివిన వారంలో మూడుసార్లు నల్లా వచ్చినా ఆమె కావాలనే మోటారు వేయకుండా కూర్చుందట. ట్యాంకు ఎండిపోయింది. బడి బోరింగు నుంచి బకెట్లు మోసుకుంది. ఎవరూ రాలేదు.

నిజం చెప్తున్నా, నాకు జాలి కలగలేదు. చదువు చెప్పిన మనిషి ఇలా మాట్లాడుతుంటే చిరాకేసింది. ఇంటామె ఊళ్ళో లేని వారం చూసి ఎవడో తిరుగుతున్నాడు, ఈమె వాడికి మొగుడి పేరు పెట్టుకుని మురుస్తోంది అనుకున్నాను.

"సోమవారం ఇవన్నీ తుడిచేస్తాం," అన్నాను.

ఆమె మొహం వాడిపోయింది. "తుడిచేస్తే మల్ల నాకెట్ల తెలుస్తది? గాయననో కాదో ఒక్కసారి ఎరుకైతే చాలు. ఉత్తగ ఆశపడుతున్ననా ఏందో చెప్పు బిడ్డా."

వాణ్ణి పట్టుకుని తెచ్చి చూపిస్తే గాని ఈమెకు భ్రమ వదలదనిపించింది. ఆమె లేకుండా ఆ ఇంట్లో నేనే ఉంటానన్నాను. ఆ సాయంత్రమే విజయమ్మ ఉప్పల్‌లో మా ఇంటికి వెళ్ళింది. నా భార్య ఆమెకు తోడుంటానంది. నాతో నాచారం రమ్మంటే మాత్రం, "దయ్యాల్లేవు గద, నువ్వే పో" అంది.

శనివారం నల్లా రోజు కాదు. ఎవరూ రాలేదు. ఆ రోజు ఖాళీగా ఉండకుండా విచారణ చేశాను. నల్లా వదిలే లైన్‌మన్ పాతికేళ్ళ పిల్లవాడు, బండి మీద వచ్చి మెయిన్ రోడ్డు మీద వాల్వు తిప్పి పోతాడు, గల్లీల్లోకి రాడు. గోదాముకు ఆరు నెలలుగా తాళం. గల్లీ మొగలో ఇస్త్రీ బండి వాడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్కడే ఉంటాడు, వాణ్ణి దాటకుండా లోపలికి దారి లేదు. గేటుకు నా సొంత తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాను.

ఆదివారం పదకొండు కావస్తుండగా ముందుగదిలో పేపరు చదువుతున్నాను. గేటు మీద ఇనుముతో మూడు దెబ్బలు పడ్డాయి.

"నల్లా ఒచ్చింది... మోటరెయ్యుండ్రీ..."

గొంతులో వణుకు లేదు, దయ్యంతనం ఏమీ లేదు. రోజూ అదే పని చేసే మనిషి విసుగూ చనువూ కలిసిన గొంతు. నాకు భయం వేయలేదు. దొరికావురా అనిపించింది.

బయటకు ఉరికాను. నా తాళం నాకే అడ్డమైంది. తీసేసరికి ఆయన నాలుగిళ్ళు దాటాడు. వీపు మాత్రం కనిపించింది. ఖాకీ చొక్కా, నీలం గళ్ళ లుంగీ, కుడిచేతిలో పానా. ఇస్త్రీ బండి వైపు పోతున్నాడు.

"ఓ పెద్దాయనా, ఆగు!" అని అరిచాను. ఆగలేదు, పరుగెత్తనూ లేదు. నడుస్తున్నాడంతే. నేను పరుగెత్తుతున్నాను. నా వయసు ముప్పై ఎనిమిది, రోజూ చెరువు చుట్టూ వాకింగ్ చేస్తాను. మా మధ్య దూరం తగ్గలేదు. గల్లీ మలుపు తిరిగాడు. ఐదు సెకన్లలో నేనూ తిరిగాను. ఇస్త్రీ బండి ఉంది. ఇస్త్రీ చేసే మనిషి ఉన్నాడు.

"ఇటు ఎవరు పోయారు?"

"ఎవ్వలు పోలే అన్నా. నువ్వే ఉరుక్కుంట ఒచ్చినవ్. ఏమైంది?"

వెనక్కి వస్తే మోటారు నడుస్తోంది. స్విచ్ వంటగదిలో ఉంది, దాన్ని నేను ముట్టుకోలేదు. నేనే వేసి మరిచిపోయుంటానని బావ అంటాడు. ఇస్త్రీవాడు తల వంచుకుని పని చేసుకుంటుంటే ఆయన పక్కసందులో దూరి ఉంటాడని కూడా అంటాడు. అక్కడ సందు లేదు. బావ వచ్చి చూడలేదు కాబట్టి అతనికి సందు ఉంది.

ఆ సాయంత్రం ఉప్పల్ వెళ్ళాను. విజయమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆరేళ్ళుగా ఫోనులో అందరినీ ఎగతాళి చేసిన తెలివంతా ఆ గుమ్మం ముందు దేనికీ పనికిరాలేదు. చూసింది చూసినట్టు చెప్పాను. మొహం చూడలేదని కూడా చెప్పాను.

భర్త ఫోటో తీసి చూపిస్తుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె నా చేయి పట్టుకుని ఒక్కటే అడిగింది.

"నడుస్తున్నడా?"

"అంటే ఏమిటమ్మా?" అన్నాను.

"పక్షవాతం ఒచ్చి ఆఖరి ఎనిమిది నెలలు మంచం దిగలే బిడ్డా. గింత దూరం గూడ ఎత్తుకపోవాలె. నల్లా సప్పుడు ఇనబడితే లేవబోయి పడుతుండె. మంచిగ నడుస్తున్నడా?"

"మంచిగా నడుస్తున్నాడమ్మా," అన్నాను. "నేను ఉరికినా అందలేదు."

అప్పుడు ఏడ్చింది.

సోమవారం బావ అన్నీ తుడిపించేశాడు. అంతకు ముందే ఆ ఆరు మాటలూ ప్రింటు తీసి ఆమెకు ఇచ్చాను. ఆయన ఎవరు, ఎక్కడికి పోయాడు, మోటారు ఎలా తిరిగింది, నాకు ఇప్పటికీ తెలియదు. ఆ గల్లీలోకి మళ్ళీ మూడుసార్లు వెళ్ళి గోడలు కూడా తట్టి చూశాను. ఇంకెవరైనా ఇది చెప్పి ఉంటే నేను నవ్వేవాణ్ణి, అది కూడా మొహం మీదే.

పది రోజుల తర్వాత ఆమె ఫోన్ చేసింది. ఏదైనా ఇల్లుందా అని. ఇప్పుడు సముద్రం దగ్గర ఖాళీ లేదన్నాను. ఏ ఊరైనా సరే అంది. జవహర్‌నగర్ వైపు ఒకటే ఉంది, చెత్త డంపు గాలికి దాన్ని ఎవరూ తీసుకోరు, ముక్కు మూసుకుని ఉండాలి అన్నాను.

"వాసనొస్తె రానియ్ బిడ్డా," అంది. "ఆయనను జర తిరగనియ్యి."