తప్పు గడిలో రాసిన పేరు

మా పక్కింటి మోటార్ల మేస్త్రి గల్ఫ్‌లో పోయాడు. ఆ కబురు ముందు నాకే వచ్చింది. ఊరి బయట మిర్చి కోల్డ్ స్టోరేజీలో నేను గుమస్తాని. ఆ ఉదయం బస్తాల లాట్లు పుస్తకంలో రాసుకుంటుంటే, అక్కడ ఆయన గదిలోనే ఉండే ఒంగోలు అతను ఫోన్ చేశాడు.

"అన్నా, మేస్త్రి పొద్దున లేవలేదు. డ్యూటీ బస్సొచ్చి హారన్ కొడుతుంటే లేపబోయాం. ఒళ్ళు చల్లగా ఉంది. అక్కకి మీరే చెప్పాలన్నా. మాకు నోరు రావట్లేదు."

ఫోన్ జేబులో పెట్టుకుని, సగంలో ఉన్న లాటు పూర్తిగా రాసి, అప్పుడు ఆయన భార్యకి చెప్పడానికి సైకిలెక్కాను. ఎందుకు పూర్తిచేశానో ఇప్పటికీ తెలియదు.

ఒకప్పుడు పర్చూరు చుట్టుపక్కల ఎవరి బోరు మోటారు కాలినా ఆయన కొట్టుకే తెచ్చేవారు. విప్పకముందే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. "కాలింది ఒక పక్కే, భయపడమాకు" అనేవాడు. రాగి తీగ చుట్టేటప్పుడు మాత్రం ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. పలకరిస్తే ఒక వేలు పైకెత్తేవాడు, ఆగమని.

"ఏం మేస్త్రీ, చెవుడొచ్చిందా?" అని ఒక రైతు విసుక్కున్నాడు ఒకసారి.

వేలు దించాక చెప్పాడు: "చెవుడు కాదు, లెక్క. నీతో కబుర్లు చెబితే పది చుట్లు తగ్గుతయ్. మళ్ళీ నువ్వే వచ్చి నన్ను తిడతావ్."

తర్వాత కొత్తరకం మోటార్లు వచ్చాయి. కాలితే బాగుచేయించేవాళ్ళు తగ్గి, పారేసి కొత్తది కొనేవాళ్ళు ఎక్కువయ్యారు. కొట్టు ముందు బల్ల ఖాళీగా ఉండేది. ఏసీల పనికి గల్ఫ్ వెళతానన్నాడు. రెండేళ్ళు చేసి వచ్చేస్తానన్నాడు. పదహారేళ్ళు ఉన్నాడు.

పాస్‌పోర్టు ఫారం నింపింది నేను. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఇంగ్లీషు డిక్షనరీ పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నాను. వీధిలో ఎవరికి ఏ కాగితం కావాలన్నా నా దగ్గరికే వచ్చేవారు, నాకూ అదొక గర్వం.

"ఏరా గుమస్తా, ఈ గివెన్ నేమ్ ఏందిరా?" అని అడిగాడు నా భుజం మీదుగా చూస్తూ.

"గివెన్ అంటే ఇచ్చింది. పెద్దలు మనకిచ్చింది ఇంటిపేరే కదా. అది ఇక్కడ రాయాలి."

"మరి సర్‌నేమ్?"

"సర్ అని గౌరవంగా పిలిచే పేరు. అంటే నీ పేరు."

"అబ్బో, నన్ను సర్ అంటారా అక్కడ? రాయ్ రాయ్."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన ఇంటిపేరు షేక్. మా వైపు ముస్లింలలో ఎన్నో ఇళ్ళకి అదే ఇంటిపేరు. పేరు ముందు ఒక పొడి అక్షరంగా ఉంటుంది తప్ప ఎవరూ దాంతో పిలవరు. నేను దాన్ని పేరు ఉండాల్సిన గడిలో రాశాను. ఆయన సంతకం పెట్టాడు.

అక్కడ షేక్ అంటే దొర. గడప దాటినప్పటి నుంచి ఆయన పేరు అదే అయిపోయింది. ఆస్పత్రిలో చీటీ తీసుకుని కూర్చుంటే కౌంటర్‌లోంచి "షేక్!" అని కేకేసేవారట. ఎవరో పెద్దమనిషి వస్తాడని అందరూ తలలు తిప్పి చూసేవారట. మాసిన నీలం బట్టల్లో, చేతిలో స్పానర్ల సంచితో ఈయన లేచేవాడు. నవ్వులు. మేడల మీద ఏసీలు బాగుచేసేటప్పుడు సూపర్‌వైజర్, "దొరవారూ, దయచేసి నిచ్చెనెక్కండి" అని హిందీలో వెక్కిరించేవాడట. మొదటి ఏడాది తనూ నవ్వానని చెప్పాడు. రెండో ఏడాది నుంచి ఆ సంగతి చెప్పడం మానేశాడు.

ఇంటర్నెట్ ఫోన్లు అక్కడినుంచి సరిగ్గా కలిసేవి కావు. అందుకని ప్రతి శుక్రవారం మాటలు రికార్డు చేసి పంపేవాడు. అన్నీ చిన్న చిన్న సంగతులే. పదకొండు మందికి ఒక పొయ్యి, తన వంతు వచ్చేసరికి గ్యాస్ అయిపోయింది. ఇంటి నుంచి తీసుకెళ్ళిన కారం సీసా విమానాశ్రయంలో పక్కన పెట్టించారు. లిఫ్టు చెడి నెల దాటింది, లోకానికి ఏసీలు బాగుచేసే తమ గదిలో ఏసీ ఆగిపోయింది. "రేపు చేయిస్తామంటున్నార్రా. ఇక్కడ రేపు అంటే ఒక రోజు కాదు, ఒక జవాబు" అన్నాడు ఒకసారి.

పేరు మార్పించమని నేను ప్రతి సెలవులోనూ చెప్పేవాణ్ణి. పాస్‌పోర్టు మారితే వీసా మారాలి, వీసా మారితే పని పోవచ్చని కంపెనీ వాళ్ళు బెదిరించారట. ఇంటిదగ్గర, వీధిలో, ఎవరడిగినా "ఆఫీసులో తప్పు పడింది" అనేవాడు. నా సంగతి ఎవరికీ చెప్పలేదు. నేను ఒకసారి కదిలిస్తే, "రాసింది నువ్వే, సంతకం పెట్టింది నేను. ఇక ఊరుకో" అన్నాడు.

కిందటి సెలవులో ఇద్దరం సెంటర్‌లో టీ తాగుతున్నాం. రోడ్డు అవతల నుంచి పాత రైతు ఒకాయన ఈయన్ని పేరు పెట్టి పిలిచాడు. సొంత పేరు పెట్టి. మూడుసార్లు పిలిచాడు. మేస్త్రి గ్లాసు పట్టుకుని అలాగే నిలబడి, "ఎవర్నిరా పిలుస్తున్నాడు?" అని నన్ను అడిగాడు.

"నిన్నే" అన్నాను.

ఆయన టీ సగంలోనే వదిలేసి గ్లాసు బల్ల మీద పెట్టాడు.

ఆయన పోయాక, ఆయన్ని ఇంటికి తీసుకురావడానికి కాగితాలు మొదలుపెట్టినప్పుడు అసలు చిక్కు బయటపడింది. ఇక్కడి కార్డుల్లో భర్త పేరు ఒక తీరుగా ఉంది, అక్కడి కాగితాల్లో ఇంకో తీరుగా ఉంది. ఇద్దరూ ఒకరేనని రుజువు కావాలన్నారు. మేస్త్రి భార్యకి అప్పుడు చెప్పాను, ఆ ఫారం రాసింది నేనని, తప్పు నాదని.

ఆమె నా ముఖంలోకి కూడా చూడలేదు. "ఇప్పుడవన్నీ ఎందుకు తమ్ముడూ. ముందు ఆయన్ని తెప్పించు. ఒక్కసారి మొహం చూస్తే చాలు నాకు."

ఒంగోలు వెళ్ళి లాయరు దగ్గర ప్రమాణపత్రం రాయించాను. పంపితే, అది చెల్లదు, ఇంకో ముద్ర ఉండాలన్నారు. ఆ ముద్ర కోసం గుంటూరు వెళ్ళాను. గల్ఫ్‌లో శుక్ర, శనివారాలు సెలవు. ఇక్కడ రెండో శనివారం, ఆదివారం సెలవు. ఫోన్ ఎత్తినవాళ్ళు మర్యాదగానే మాట్లాడారు, రేపు చేయమన్నారు. కోల్డ్ స్టోరేజీలో ఇన్నేళ్ళుగా వేల బస్తాలు రాశాను, ఒక రైతు సరుకు ఇంకో రైతు పేరున పడలేదు. ఒక్క మనిషిని సొంతింటికి చేర్చలేకపోయాను.

పన్నెండో రోజు మసీదు పెద్దలు వచ్చి కూర్చున్నారు. "ఇన్ని రోజులు ఐసు పెట్టెలో ఉంచకూడదమ్మా. మనిషికి కష్టం" అన్నారు మెల్లగా. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నాకేసి తిరిగింది.

"అక్కడే మట్టి చేసెయ్యమను తమ్ముడూ. ఆయన్ని ఇంకా నిలబెట్టొద్దు."

అందుకు ఏ ముద్రా అక్కర్లేకపోయింది. కంపెనీ వాళ్ళ ఉత్తరం, ఆమె ఫోన్లో చెప్పిన ఒక్క మాట సరిపోయాయి. మర్నాడే అయిపోయింది.

వారం తర్వాత ఒంగోలు అతను ఒక ఫొటో పంపాడు. బయలు నేల, వరసగా చిన్న చిన్న దిబ్బలు, ఒక్కో దిబ్బ తల దగ్గర ఒక రాయి. వెంటే అతని గొంతు: "అన్నా, మాకు సెలవు దొరికి వెళ్ళేసరికి పక్కన ఇంకా కొన్ని వచ్చేశాయి. ఎడమ నుంచి నాలుగోది అనుకుంటా. ఐదోదైనా అయ్యుండొచ్చు."

నేను ఆమెకి నాలుగోదని చెప్పాను.

ఆమె గుమ్మంలో కూర్చుని ఫోన్ తీసుకుంది. రెండు వేళ్ళతో ఫొటోని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. దిబ్బ అంచులు పోయి, రాయి పోయి, తెర నిండా ఇసుక రంగు ఒక్కటే మిగిలేదాకా చేసి, దాన్నే చూస్తూ కూర్చుంది.