నలుగురుంటేగానీ మందు పడదు

మా బాబాయికి ఏ పనీ ఒంటరిగా చేయడం చేతకాదు. గోడకు మేకు కొట్టాలంటే ఒకరు మేకు పట్టుకోవాలి, ఒకరు సుత్తి ఆడించాలి, ఇంకొకరు "వంకర, వంకర" అని అరవాలి. ఆయన పక్కన నిలబడి టీ తాగుతాడు.

"చెప్పులు కొనుక్కోవడానికి ముగ్గుర్ని వెంటేసుకెళ్లారు," అంటుంది పిన్ని. "ఆ ముగ్గురికీ సరిపోయాయి. ఈయనకే బిగుతు."

మేడ మీద ఆయనకు తేనెపెట్టెలున్నాయి. ఆ ఏడు వాటికి వరోవా నల్లి పట్టింది. ఆవగింజంత కూడా ఉండదుగానీ తేనెటీగ ఒంటికి అతుక్కుని పీల్చి పిప్పి చేస్తుంది. పంచదార పాకంలో కలిపిన ఆక్సాలిక్ యాసిడ్ దీనికి మందు. రాణి గుడ్లు పెట్టడం ఆపిన చలి రోజుల్లోనే వేయాలి, లేకపోతే మూసిన పిల్లగదుల్లో నల్లి దాక్కుంటుంది. అదీ ఒక్కసారే. మళ్లీ వేస్తే ఈగలకే ముప్పు.

"సిరంజికి చెయ్యి వణకని మనిషి కావాలి," అంటూ బాబాయి కింది వాటాలోని టైలర్ గారి తలుపు తట్టాడు. భార్య పోయినప్పటి నుంచి ఆయన షాపు తెరవలేదు, గడప దాటలేదు. మనిషి ఇలాగే అయిపోతారేమోనని మా అందరికీ బెంగ.

"నాకు ఈగలంటే భయమండీ," అన్నారాయన తలుపు సందులోంచి.

"నాకూ భయమేనండీ. అందుకేగా ఇద్దరం."

"ఇంకెవరినైనా చూసుకోండి."

"చూశాను. మా అన్న కూతురికి చెయ్యి వణుకుతుంది. మా ఆవిడకు నోరు ఆగదు. ఇక మీరే దిక్కు."

రేపు చూద్దామన్నారు టైలర్ గారు.

మర్నాడు పొద్దున్నే నేను మేడెక్కాను. మాస్కు, తొడుగులు వేసుకుని బాబాయి ఒక్కడే ఉన్నాడు. ఒక చేత్తో మూత ఎత్తి, రెండో చేత్తో చట్రాల సందుల్లో చకచకా మందు వేసి, మోచేత్తో మూత మూసేస్తున్నాడు.

"బాబాయ్, నీకు పని వచ్చా?"

"మెల్లగా మాట్లాడు. రేపట్నుంచి చలి తగ్గుతుందట, ఆయన కోసం కూర్చుంటే ఈగలు దక్కవు. చివరి పెట్టె మాత్రం ఆయనకని ఉంచాను."

"ఆయన రాకపోతే?"

"వస్తారు," అన్నాడుగానీ గొంతులో ధీమా లేదు. మెట్లవైపే చూస్తున్నాడు.

వచ్చారు. ఇస్త్రీ చొక్కాతో వచ్చారు. అందరం మాస్కులు కట్టుకున్నాం. నేను మూత ఎత్తాను, పిన్ని గిన్నె పట్టుకుంది, బాబాయి దూరంగా నిలబడి "అమ్మో, అమ్మో" అన్నాడు. టైలర్ గారి చేతిలో సిరంజి బట్టలో సూదిలా నడిచింది.

"మరి మిగతావి?" అన్నారాయన.

"రోజుకొకటి చాలండీ. అన్నీ ఒకేసారి చేయడం నావల్ల కాదు."

ఆ తర్వాత రోజూ ఒక పెట్టె. సిరంజిలో ఉండేది మాత్రం ఒట్టి పంచదార పాకం.

ఒకరోజు మెట్లు దిగుతూ టైలర్ గారు నన్ను ఆపారు. "అమ్మాయ్, ఈగలు మూతకు జిగురుతో కుట్లు వేసుకుంటాయి కదా. మొదటి రోజు పెట్టెకు ఆ కుట్లు టపటపా తెగాయి. తర్వాత వాటికి అవి లేవు. నాకంటే ముందే ఎవరో విప్పారు."

నేను చేతిలోని మాస్కు మడతపెట్టసాగాను.

"మీ బాబాయితో అనకు, చిన్నబుచ్చుకుంటారు. ఇంతకీ రేపు ఎన్నింటికి రమ్మన్నారు?"