దండెం పట్టుకున్న చెయ్యి

దయ్యాలంటే నాకు మొదట్నుంచీ ఒళ్లుమంట. చేవెళ్లలో ఒక ప్రైవేటు బడిలో పదో తరగతికి ఫిజిక్స్ చెప్పే మనిషిని, దయ్యాలకిచ్చే టైము నా దగ్గర లేదు. అందుకే, తాత పోయాక వచ్చిన మొదటి వానాకాలంలో మా ఊరు కనకమామిడి వెళ్లినప్పుడు అవ్వ చెప్పింది విని నవ్వేశాను.

"మీ తాత యాడికీ పోలేదు బిడ్డా. పొద్దుగాల దండెం పట్టుకుంటె నా చెయ్యి పట్టుకుంటడు. ఎండెక్కినంక ఇడిసిపెడ్తడు."

తాత తువ్వాలను అవ్వ రోజూ ఉతికి దండెం మీద వేసేది, తుడుచుకునే మనిషి లేకపోయినా. ఆ దండెం తాత కట్టిందే. మా దిక్కు స్తంభం నుంచి వచ్చే కరెంటు తీగ గోడ మీది ఇనుప పైపులోంచి ఇంట్లోకి దిగుతుంది. గట్టిగా ఉంటుంది కదా అని దండెం కూడా ఆ పైపుకే కడతారు. తాత ఇనుప తీగతో కట్టాడు. మా ఊళ్లో సగం ఇళ్లలో అంతే.

మర్నాడు తెల్లారి వాకిట్లోకి వచ్చేసరికి అవ్వ తడిచేత్తో దండెం పట్టుకుని నిలబడి ఉంది. కళ్లు మూసుకుని మాట్లాడుతోంది. బర్రె ఈనిందని చెప్పింది, దూడ పాలు తాగుతలేదని చెప్పింది. చెప్పి ఆగింది, అవతలి మనిషి జవాబు వింటున్నట్టు తల ఊపింది. ఆమె ముంజేతి మీది వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"నువ్వు గూడ పట్టు" అంది.

పట్టుకున్నాను. మొదట చీమలు పాకినట్టు, తర్వాత మణికట్టు లోపల సన్నగా, ఆగకుండా అదిరింది. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం "తాతా" అనబోయాను. ఆ వెంటనే నా మీద నాకే కోపం వచ్చి, బడి ల్యాబు నుంచి తెచ్చుకున్న మల్టీమీటరు బ్యాగులోంచి తీశాను.

దండెం తీగకూ తడి నేలకూ మధ్య అరవై వోల్టులు. మీటరును నా వేళ్లకూ తీగకూ మధ్య పెట్టి కరెంటు చూశాను. పిల్లలు చేస్తే వీపు చీరేసే పని అది. పొడి వేళ్లతో ఒక మిల్లీ ఆంపియర్. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం, అంటే నా ఒళ్లు అరవై వేల ఓములుగా అడ్డం నిలబడింది. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే పవర్, సున్నా పాయింట్ సున్నా ఆరు వాట్లు.

"మీటరు పెట్టి జూస్తున్నవా మీ తాతను? ఎంతున్నడు?" అడిగింది అవ్వ.

"స్విచ్ బోర్డు మీది ఎర్ర బుడ్డి లైటంత గూడ లేడు."

"బక్కగనే ఉంటుండె గద ఎప్పుడూ" అంది, మురిసిపోతూ.

నవ్వు రాలేదు. వేళ్లు తడిచేసుకుని మళ్లీ పట్టుకున్నాను. నాలుగు మిల్లీ ఆంపియర్లు, చెయ్యి దానంతటదే వెనక్కి లాక్కుంది. అవే అరవై వోల్టులు, కానీ తడి చెయ్యి పదిహేను వేల ఓములకు దిగిపోయింది. అవ్వ రోజూ తడిచేత్తోనే పట్టుకుంటుంది. నిచ్చెనేసుకుని చూస్తే పైపు అంచుకు రాసుకుని కరెంటు తీగ మీది రబ్బరు అరిగిపోయింది. పొద్దుటి చెమ్మకు కరెంటు కొంచెం పైపులోకి పాకుతోంది, ఎండకు ఆగిపోతోంది. మరి గట్టి వాన పడితే?

ఆ లెక్క అవ్వకు చెప్పాను. అప్పుడు దండెంలోకి మొత్తం రెండు వందల ముప్పై వోల్టులూ వస్తాయి. తడిసిన మనిషి పదిహేను వందల ఓముల కంటే అడ్డం నిలవడు. నూటయాభై మిల్లీ ఆంపియర్లు, ముప్పై అయిదు వాట్లు. "ఫ్యాను దిరగడానికి గావాల్సిన దాంట్ల సగం అవ్వా. గంతకే గుండె ఆగిపోతది."

అవ్వ నా మొహంలోకి చూసింది. తర్వాత చేవెళ్ల దిక్కు చూసింది. అటు ఆకాశం నల్లబడుతోంది.

"అయితె వాన పడ్డప్పుడు పట్టుకుంటె ఆయనకాడికే పోత."

ఆ గొంతులో భయం లేదు, దుఃఖం లేదు. బజారుకు పోయొస్తా అన్నట్టు అంది. మెయిన్ స్విచ్ తీస్తే పోయే కరెంటు కాదది, స్తంభం నుంచే వస్తోంది. ఒక చేత్తో అవ్వ రెక్క పట్టుకుని, రెండో చేత్తో లైన్‌మన్‌కు ఫోన్ చేశాను. ఆయన వచ్చేదాకా ఆమెను విడవలేదు, ఆమె కూడా విడిపించుకోలేదు. చినుకులు మొదలయ్యే వేళకు ఆయన వచ్చి, లైను బంద్ చేసి, కొత్త తీగ వేసి, దాన్ని పైపుకు తగలకుండా కట్టాడు. ఇనుప దండెం కత్తిరించి ప్లాస్టిక్ తాడు కట్టాడు. నేను మీటరు పెట్టాను. పైపు మీద సున్నా, ఎన్నిసార్లు పెట్టినా సున్నాయే. ప్రాణం లేచొచ్చింది నాకు.

అవ్వ అరుగు దిగి వచ్చింది. చెయ్యి తడిచేసుకుని తాడు పట్టుకుంది, పైపు పట్టుకుంది, మళ్లీ తాడు పట్టుకుంది. కళ్లు మూసుకుని చాలాసేపు అట్లాగే నిలబడింది.

"మీ తాత సచ్చిపోయిండు బిడ్డా" అంది కళ్లు తెరిచి. "ఇయ్యాలనే పోయిండు."

చుట్టాలింటి నుంచి చావు కబురొస్తే మైల స్నానం చేసినట్టు, నీళ్ల గోళెం దగ్గరికి పోయి, కట్టుకున్న చీరతోనే తల మీద నీళ్లు పోసుకుంది. తర్వాత చెంబు నా చేతికిచ్చింది. నేను కూడా పోసుకున్నాను.