'సూసేను' అన్న మాటకు అర్థం

ఇది మనుషులకూ కొండకూ జరిగిన మహాయుద్ధం కథ అని మొదలుపెడదామనుకున్నాను. కాదు. ఇది తొమ్మిది పేజీల ఒప్పందం కథ. దాన్ని టైపు చేసింది నేను.

కోవిడ్ తగ్గిన మరుసటి వేసవిలో నన్ను ఒడిశా కొండల్లో ఉన్న సెమిలిగుడలో ఒక రోడ్డు పనుల కంపెనీ ఆఫీసుకు కాంట్రాక్ట్స్ అసిస్టెంటుగా వేశారు. ఆ హోదా కింద ఇంకెవరూ ఉండరు, ప్రింటర్ ఉంటుంది. ముప్పై ఒకటో ఏట ఆ ఉద్యోగం మానేశాను. నేను దాన్ని పదవీ విరమణ అంటాను, మా అమ్మ వేరే మాట అంటుంది.

పెద్ద పనుల్లో మట్టికీ రాతికీ బయటి నిపుణులను సలహాదారులుగా పెట్టుకుంటారు. వాళ్లు ఏం చెప్పాలో, ఎంతవరకు బాధ్యులో రాసేదే కన్సల్టెన్సీ ఒప్పందం. పాతదాంట్లో పేరు మార్చి కొత్తది తయారుచేశాను. అందులో 'రోజు' అంటే ఇరవై నాలుగు గంటలని నిర్వచనం ఉంది. 'పరిశీలన' అంటే ఏమిటో లేదు.

మా మట్టి నిపుణుడు అప్పలనాయుడు గారిది గుణుపూర్ దగ్గర రైతు కుటుంబం. డెబ్బై దాటిన మనిషి. కొండ కోసిన చోట కట్టబోయే అడ్డుగోడ డ్రాయింగు ఆయనకు పంపాం. వారం తర్వాత ఫోన్ చేశాను.

"సూసేను బాబూ," అన్నారు.

రిజిస్టరులో 'పరిశీలన పూర్తయింది' అని రాసి సంతకం పెట్టాను. సైటు ఇంజనీరు దాన్ని ఆమోదంగా చదువుకుని గోడ కట్టించేశాడు. మాది విజయనగరం పక్క. మా ఇంట్లో పెళ్లిచూపులకు వెళ్లొచ్చినవాడు కూడా 'సూసేను' అనే అంటాడు. పెళ్లి కుదిరిందని దానర్థం కాదు. అది నాకు తెలిసి ఉండాల్సింది.

గోడ కింద రేకుల షెడ్డులో వాచ్‌మన్ సింహాద్రి ఉండేవాడు. వాన వస్తే నా బండిని లోపల పెట్టించి, "నీ బండికున్న ఇలువ నాకు నేదు బాబూ," అనేవాడు. వానలు ముదిరాక గోడ జారింది. సింహాద్రి చనిపోయాడు. ఆ వాక్యం పక్కన పెట్టడానికి నాకు ఇంకో వాక్యం దొరకలేదు.

విచారణ కమిటీ ముందు నాయుడు గారు, "కాయితం సూసేనన్నాను. నేల సూడనేదు. సూడకుండా కట్టమంటానేటి?" అన్నారు. ఆయన చెప్పింది నిజమనీ, తప్పు నా రాతదనీ చెప్పాను. కమిటీ పెద్ద ఒప్పందంలో ఏడో పేజీ తిప్పారు. రాతే చెల్లుతుంది, నోటిమాట చెల్లదు. రాతను సవరించడానికి గడువు ఏడు రోజులు. అది ఎప్పుడో దాటింది. ఆ నిబంధనలు టైపు చేసిందీ నేనే. నాయుడు గారిని సలహాదారుల జాబితా నుంచి తీసేశారు. జీవితమంతా సంపాదించుకున్న పేరు టీ విరామానికి ముందే పోయింది.

బస్టాండు దాకా ఆయనతో నడిచి, క్షమించమన్నాను.

"సాల్లే. సిన్నోడివి, అడగడం నీకు రాదు," అన్నారు. బస్సెక్కబోతూ, "నువ్వు మళ్లీ ఫోను సేత్తావని కూడా సూసేను బాబూ," అన్నారు.

నేర్చుకున్నది ఇంతే. నిపుణుణ్ణి 'చూశారా' అని అడగకూడదు. 'మీరైతే కడతారా' అని అడిగి, జవాబు రాతలో తీసుకోవాలి.

ఇప్పుడు అక్కడ గోడ లేదు. వాలు తగ్గించి గడ్డి నాటారు. ఆ గడ్డిని ఏడాదికి రెండుసార్లు కోయాలి.